పొద్దుటి కూత

ఫిబ్రవరి 4

ఏమే కరెంటూ,

ఫోనుండగా ఉత్తరమేంటని మొహం చిట్లిస్తావని తెలుసు. ఫోనైతే నేను సగం మాటలో ఉండగానే "లైను సరిగా లేదక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. నాకు చదువు లేకపోయినా నోరుంది కాబట్టి, మా కింద అంతస్తు కళ్లజోళ్లాయన రాసిపెడతానన్నాడు. ఆయన షాపులో కళ్లు పరీక్షించే ఎత్తు కుర్చీలో కూర్చుని చెబుతున్నాను. ఎదురుగా పెద్దవీ చిన్నవీ అక్షరాలున్న బోర్డుంది. నాకు అన్ని వరసలూ ఒకటే.

సంగతి విను. మా వీధిలో పాత నూనె గోడౌనుండేదా, దాన్ని కుర్రకారు గెంతులేసే హాలుగా మార్చారు. నిన్న సాయంత్రం అలమరలో గ్లాసులు వాటంతటవే గణగణలాడటం మొదలెట్టాయి. భూకంపమేమోనని గుమ్మంలోకొచ్చి, అక్కడే కొయ్యబారిపోయాను. దబదబమని బాదుతున్న ఆ మోతలోంచి నీ పాట! మన పొద్దుటి కూత! రేడియోలో వార్తలకు ముందు ఏళ్ల తరబడి ఊరందర్నీ మంచాల మీంచి లేపిన కూత. అడుగున ఎక్కడో మొదలై, ఊపిరి తీసుకోకుండా మెలికలు తిరుగుతూ పైపైకి పోయేదే, అదే.

నాకు ఒళ్లు మండిపోయింది. కర్ర పుచ్చుకుని వెళ్లాను. గుమ్మం దగ్గర ఒక బండరాయిలాంటి మనిషి "టిక్కెట్టు మామ్మా" అన్నాడు. "నీ టిక్కెట్టు నేనే చింపుతా, జరుగు" అన్నాను. లోపల నీలం దీపాలు, చెమటలు, మోచేతులు. తిన్నగా వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేశాను. అంతమందీ చేతులు పైకెత్తినవాళ్లు ఎత్తినట్టే ఆగిపోయారు, తీగ మీద ఆరేసిన చొక్కాల్లాగ. "ఇది మా చెల్లెలి సొత్తు! ఎవడ్రా ఎత్తుకొచ్చింది?" అన్నాను.

డీజే అట, వేళ్ల నిండా ఉంగరాలూ నెత్తి మీద నాలుగు వెంట్రుకలూ ఉన్న నడివయసు మనిషి, దిగొచ్చాడు. తిడతాడనుకుని కర్ర సర్దుకున్నాను. వాడు నా రెండు చేతులూ పట్టుకుని, "మామ్మా, ఇది చేసింది ఒక ఆవిడా? బతికే ఉన్నారా?" అని చిన్నపిల్లాడిలా ఎగిరాడు. ఏ దేశంలో ఎవరెవరు నీ కూతను కోసి తమ పాటల్లో అతికించుకున్నారో అన్నీ ఫోన్లో వినిపించాడు. ఒకడు దాన్ని రబ్బరులా సాగదీశాడు. ఒకత్తె తుంచి తుంచి తాళం వేసింది. కరెంటుతో పాట కట్టేవాళ్లందరికీ అది పుట్టిల్లట! కానీ చేసిందెవరని అడిగితే మాత్రం అందరూ మీ రేడియో స్టేషను పాత డైరెక్టరు పేరే చెబుతారట.

ఇప్పుడు అసలు గొడవ. మార్చి ఇరవయ్యో తారీకున రేడియో భవనం గోడకు రాయి పెడుతున్నారు. దాని మీద 'పొద్దుటి కూతను సృష్టించినవారు' అని ఆయన పేరు చెక్కుతారట. ఎవరే సృష్టించింది? ప్లగ్గుకు రెండు కాళ్లో మూడో తెలియనాయనా? తీగలు పరీక్షించే కూత పెట్టెలు ముందేసుకుని, బ్లేడుతో టేపు కోసి, మళ్లీ అతికించి, కోసి, అతికించి, నువ్వు కదా చేసింది! అలా అతికించిన టేపు గొలుసులా గది దాటి వరండా చివరిదాకా సాగితే, చివర్న చీపురుకర్రకు తగిలించి పట్టుకున్నదెవరు? లాండ్రీలో పని దిగి, ఇస్త్రీ వేడికి ఎర్రబడ్డ చేతులతో వచ్చిన నేను. "అక్కా, కదలకు, కదిలితే కూత వణుకుతుంది" అనేదానివి. కదిలానా?

వచ్చి, అది నాది అని నీ నోటితో చెప్పు. రాయి మీద నీ పేరు పడాలి. లేకపోతే నేను సుత్తి పట్టుకెళతాను.

ఇట్లు, నిన్ను ఎత్తుకు మోసిన
అక్క

(సుత్తి నిజంగానే కొన్నారు. చూపించారు. — రాసినవాడు)


ఫిబ్రవరి 11

అక్కా,

కాగితం మీద కూడా ఇంత గట్టిగా అరవగలవని నాకు తెలియదు. కవరు విప్పగానే చెవులు దిమ్మెక్కాయి.

నేను కులాసా. ఐసు ఫ్యాక్టరీ పై గదిలో వేడి ఉండదు, దోమా ఉండదు. ఈ వారం కింద పెద్ద మిషను కొత్తరకంగా మూలుగుతోంది. ఏనుగు కల కంటున్నట్టుంటుంది. మెకానిక్కు బాగుచేయడానికొస్తే, రికార్డు చేసుకునేదాకా ఆగు నాయనా అని బతిమాలాను. నాకు మతి పోయిందని వాళ్ల ఓనరుకు చెప్పాడట. ఓనరు వచ్చి తనూ చెవి పెట్టి విని, "మేడమ్, వెనకాల ఇంకో మిషనుంది, అది ఇంకా బాగా మూలుగుతుంది" అన్నాడు. మనుషుల్లో మంచివాళ్లున్నారక్కా.

రాయి సంగతి వదిలెయ్. డైరెక్టరుగారు గది తాళం ఇచ్చారు, లోపల ఏం చేస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. అంతకన్నా ఎవరేం ఇస్తారు? పోయినాయన, పేరు ఉండనీ. నా పేరు పెడితే ఊరికే ఉంటారా? ఎలా చేశావు, దేంతో చేశావు అని పదిమంది మీద పడతారు. ఇప్పుడవన్నీ తవ్వుకోవడమెందుకు?

ఇంకొక్క మాట. ఆ డీజేకి చెప్పు, దాన్ని వెనక్కి తిప్పి మాత్రం వేయొద్దని. మధ్యలో వచ్చే గొంతు ఎవరిదని అడిగితే తెలియదను. నీకు నిజంగానే తెలియదు కాబట్టి అబద్ధం కూడా కాదు.

సుత్తి షాపువాడికి తిరిగిచ్చెయ్.

నీ కరెంటు


ఫిబ్రవరి 17

ఒసేయ్,

గొంతేంటే? ఎవరి గొంతు?

నీ ఉత్తరం ఒక్కరోజు ముందొచ్చినా నా కొంప మునిగేది కాదు. నువ్వు ఎలాగూ నసుగుతావని తెలిసి, నేనే రేడియో ఆఫీసుకు వెళ్లాను. ఇప్పుడున్న ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "చేసినావిడ రాకపోతే, దగ్గరుండి చూసినవాళ్లు వివరంగా చెప్పినా మా కమిటీ ఒప్పుకుంటుంది" అన్నాడు. చూసినవాళ్లా! నన్ను మించి ఎవరు చూశారు? కూత పెట్టెలు, బ్లేడు, గొలుసు, చీపురుకర్ర అన్నీ చెప్పాను. అతను బుద్ధిగా రాసుకున్నాడు. చివర్న, "ఇందులో మనిషి గొంతు ఏమైనా వాడారా అమ్మా?" అని అడిగాడు.

నేను బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. "మనిషి గొంతూ లేదు, గొడ్డు గొంతూ లేదు, మొత్తం కరెంటే!" అన్నాను. అదే రాసి చదివి వినిపిస్తే వేలిముద్ర కూడా వేశాను, బాగా నొక్కి.

మర్నాడు వాళ్ల సౌండు ఇంజనీరు చెవులకు డిప్పలు పెట్టుకుని విని, ఇందులో ఆడమనిషి గొంతు స్పష్టంగా ఉందన్నాడట. గొంతే లేదన్న ముసలావిడకు ఏమీ తెలియదని తేలిందట! నా వేలిముద్ర నా పీకకే చుట్టుకుంది. మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది, తీరిగ్గా, గొంతు సంగతి మోసుకుంటూ.

నిజం చెప్పు. నేను వరండాలో కర్ర పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడి ఉంటే, నువ్వు లోపల ఇంకోత్తెను కూర్చోబెట్టి పాడించుకున్నావా? ఆ వార్తలు చదివే తేనెగొంతేనా? "చెల్లాయ్ చెల్లాయ్" అంటూ నీ గదిలోకి ఊరికే దూరేది, అప్పుడే అనుకున్నాను. నేనుండగా నీకు ఇంకో అక్క ఎందుకే?

ఇట్లు,
తెలియక వేలిముద్ర వేసిన వెర్రిమొహం


ఫిబ్రవరి 24

అయ్యో అక్కా, వేలిముద్ర కూడా వేశావా!

తేనెగొంతు కాదు. ఆవిడ గొంతు నాకు పనికిరాదు. నున్నగా ఉంటుంది, జారిపోతుంది. నాకు కావలసింది వేరు. అడుగున మొదలై, ఎక్కడా ఊపిరి కోసం ఆగకుండా పైకి ఎక్కాలి. ఎక్కుతూ ఎక్కుతూ వినేవాడి మెడ వెనక వెంట్రుకలు లేపాలి. పెట్టెలన్నీ తిప్పి చూశాను. ఒకటి ఈలేసింది, ఒకటి గురకపెట్టింది. ఒక్కదానికీ ప్రాణం లేదు. నెలల తరబడి తలబాదుకున్నాను.

ఒకరోజు కిటికీ తెరిచి ఉంది. కింద ఒక మనిషి గొంతెత్తింది. అంతే. అదే! మైకు తీగతో సహా కిటికీలోంచి బయటికి వేలాడదీసి పట్టుకున్నాను. పట్టుకున్నదాన్ని బాగా నెమ్మది చేసి, తిరగేసి, పెట్టెల కూతల మధ్య అల్లాను. మాటలు మాయమయ్యాయి, ఊపు మిగిలింది. విని నేనొక్కదాన్నే గదిలో గంతులేశాను.

ఆ మనిషిని అడగలేదక్కా. అడిగితే ఒప్పుకోదు. తర్వాత చెబుదామనుకుంటే రోజూ ఏదో ఒక కోపంలో ఉండేది. ఆ తర్వాత అది రేడియోలో మోగడం మొదలెట్టింది, ఇంక చెప్పే ధైర్యం లేకపోయింది. రాయి మీద నా పేరు పడితే ముందు అడిగేది ఆ గొంతు గురించే. చెప్పక తప్పదు. చెబితే ఆ మనిషి నన్ను బతకనివ్వదు.

ఆవిడ బతికే ఉంది. ఈ మధ్య ఇంకా భయంకరంగా తయారైంది.

నీ కరెంటు


మార్చి 3

కరెంటూ,

నీ తిప్పుళ్లు నా దగ్గరా? కాదు కాదంటున్నావంటే తేనెగొంతే అని నాకు ఖాయమైపోయింది. "ఈ మధ్య భయంకరంగా తయారైంది" అన్నావు చూడు, అక్కడ దొరికిపోయావు. ఆవిడ జుట్టుకు ఊదారంగు వేస్తోంది.

వాళ్లింటికి వెళ్లాను. ఐదో అంతస్తు, లిఫ్టు పాడైంది. మెట్టుమెట్టుకీ నిన్ను తిట్టుకుంటూ ఎక్కాను, అందుకే అలుపు తెలియలేదు. గది నిండా ఆవిడ ఫోటోలే. మైకు ముందు ఆవిడ, పూలగుత్తితో ఆవిడ, ఎవరో పెద్దమనిషి పక్కన ఆవిడ. నేను అహం చంపుకుని, "అమ్మా, పొద్దుటి కూతలో గొంతు నీదేనటగా, మా చెల్లెలి తరఫున వచ్చి ఒక్క మాట చెప్పు" అని మర్యాదగా అడిగాను.

ఆవిడ కళ్లు మూసుకుంది, తెరిచింది. "అవును, నా గొంతే. ఎలా కనిపెట్టారు?" అంది!

నేను సంతోషంతో దాని బుగ్గలు పుణికాను. ఆ బుగ్గలు పుణికిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఎందుకంటే మర్నాడే తేనెగొంతు రేడియో ఆఫీసుకు పోయి, "పాడింది నేను, పక్కన కూర్చుని నాతో పాడించింది డైరెక్టరుగారు" అని చెప్పొచ్చింది. మరి మా చెల్లెలు ఎక్కడుందని ఆఫీసరు అడిగితే, "ఆ అమ్మాయా, తీగలు చుట్టి పెట్టేది" అందట. ఇప్పుడు రాయి మీద రెండు పేర్లట. ఆయనదీ, దీనిదీ! స్టేజీ మీద దానికి కుర్చీ, శాలువా!

ఉన్న గోతిని నేనే రెండింతలు తవ్వాను. డీజే వచ్చి పాపం నా పక్కన మెట్ల మీద కూర్చుని, "మామ్మా, చెల్లెలుగారు ఒక్క ముక్క చెబితే చాలు" అన్నాడు. వాడికున్నపాటి పట్టుదల నీకు లేదే. ఎవరి కోసమే నేను ఈ వయసులో ఐదంతస్తులెక్కి ఆ ఊదారంగు జుట్టుదాని బుగ్గలు పుణకడం?

ఇరవయ్యో తారీకుకు వస్తే నువ్వు నా చెల్లెలివి. రాకపోతే తీగలు చుట్టి పెట్టేదానివి.

సంతకం లేదు, నీకు వేలిముద్ర కూడా వేయను.

(ఇది చెబుతున్నంతసేపూ ఇద్దరు కస్టమర్లు కళ్లు పరీక్ష చేయించుకోవడం మరచిపోయి విన్నారు. ఇద్దరూ మీరు రావాలనే అంటున్నారు. — రాసినవాడు)


మార్చి 8

అక్కా,

తీగలు చుట్టి పెట్టేదట! రాత్రంతా నిద్ర పట్టలేదు. నేను అనుకున్నంత మంచిదాన్ని కాదని తెలిసింది. నాకూ ఉందక్కా, ఆ రాయి మీద నా పేరు ఉండాలని. చాలా ఏళ్లుగా ఉంది. పొద్దున్నే కూత మోగినప్పుడల్లా, వెనకాల నా పేరు చెబుతారేమోనని ఒక్క క్షణం ఆగి వినేదాన్ని. వాతావరణం చెప్పేవాళ్లు.

కాబట్టి ఇలా చెయ్. డీజే దగ్గరికి వెళ్లు. కూతలోంచి పెట్టెల మోత తీసేసి, మధ్యలో గొంతును తిరగేసి, వేగం పెంచి వేయమను. వాళ్ల మిషన్లలో అదెంతసేపూ పట్టదు. నువ్వు ముందు కూర్చో. కర్ర డీజేకి ఇచ్చెయ్. సుత్తి ఇంట్లో వదిలి వెళ్లు.

విన్నాక రావొద్దంటే రాను.

భయంతో,
కరెంటు


మార్చి 12

నా గొంతు దొంగదానా,

విన్నాను.

డీజే బొత్తాలేవో నొక్కాడు. ముందు కుయ్యిమంది, తర్వాత ఎవత్తో గయ్యాళి గాలి చింపేసినట్టు అరిచింది: "ఏమే కరెంటూ! ఆ టేపు ముక్కలు అతికించడం ఆపి దిగుతావా, నన్ను పైకి రమ్మంటావా? నువ్వు చేసే ఆ కూత ఊరంతా వినేదాకా తిండి మానేస్తావా? క్యారేజీ చల్లారిపోతోంది, దిగవే!"

"ఎవర్రా ఈ గయ్యాళి?" అన్నాను. డీజే నా వంక చూశాడు. కళ్లజోళ్లాయన నా వంక చూశాడు. నేను వెనక్కి చూశాను, వెనక ఎవరూ లేరు.

నేనేనే! లాండ్రీ నుంచి నీకు క్యారేజీ తెచ్చి కిటికీ కింద నిలబడి అరిచేదాన్నే! ఇన్నేళ్లూ ఊరందర్నీ మంచాల మీంచి లాగి పడేసింది నేనా? ఆ కూత వినగానే నేనూ ఉలిక్కిపడి లేచేదాన్ని కదే, నన్ను నేనే కసురుకుని లేపుకున్నానా? చీపురుకర్రకు చుట్టి, కదలకుండా పట్టుకున్నది నా గొంతునేనా? ఒక పక్క కోపం, ఒక పక్క నవ్వు. రెండూ ఒకేసారి తన్నుకొచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. డీజే మంచినీళ్లు తెచ్చాడు. వాడి ఉంగరాలు గ్లాసుకు తగిలి టింగుమన్నాయి, అది విని మళ్లీ నవ్వు.

ఎక్కిళ్లతోనే రేడియో ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరుకూ ఇంజనీరుకూ వినిపించాం. తేనెగొంతు కూడా అక్కడే ఉంది, తన కుర్చీ స్టేజీ మీద ఎటువైపు వేస్తారో చూసుకోవడానికొచ్చింది. "ఈ గొంతు మీదేనని ఎలా నమ్మాలమ్మా?" అన్నాడు ఆఫీసరు. నేను కిటికీ తలుపు తీసి, ఆ మాటలే, ఆ ఊపునే, ఒక్క ఊపిరిలో అరిచాను. పై అంతస్తులో టైపు చప్పుళ్లు ఆగిపోయాయి. లిఫ్టు నడిపేవాడు లిఫ్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కింద రోడ్డు మీద నిలబడ్డవాడెవడో "వస్తున్నా, వస్తున్నా!" అన్నాడు.

ఇంజనీరు డిప్పలు తీసి బల్ల మీద పెట్టాడు. "సార్, టేపు ముక్కలు అతికించే మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నారు. డైరెక్టరుగార్ని ఎవరైనా క్యారేజీకి దిగవే అంటారా?" అన్నాడు. తేనెగొంతు, ఆ రోజుల్లో తనకు జలుబు ఎక్కువగా ఉండేదనీ, ఎవరు పాడారో సరిగా గుర్తులేదనీ అంది. నా మొదటి వేలిముద్ర తప్పని రెండో వేలిముద్ర వేశాను, ఈసారి ఎడమచేతిది.

ఇంక నీ సంగతి. ఆ రోజు దిగొచ్చి తిన్నావా లేదా? అది గుర్తు రావడం లేదు, అదొక్కటే బాధగా ఉంది. కోపం తీరాలంటే నువ్వు ఎదురుగా ఉండాలి. ఇంత దూరం నుంచి తిడితే సగం దార్లోనే కారిపోతుంది. రైలెక్కు.

ఇట్లు,
ఊరి గయ్యాళి

(మా షాపు ముందు జనం మూగుతున్నారు. అందరికీ ఒకసారి అరిచి చూపించమంటున్నారు. ఆవిడ కాదనడం లేదు. — రాసినవాడు)


మార్చి 15

అక్కా,

టిక్కెట్టు తీసుకున్నాను. పంతొమ్మిదో తారీకు మధ్యాహ్నం దిగుతాను.

తిన్నానక్కా. చల్లారిపోయింది, అయినా తిన్నాను. నువ్వు పక్కన నిలబడి గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశావు. ఆ తర్వాత పైకెళ్లి నీ అరుపును తిరగేశాను. ఆకలి మీదైతే అంత బాగా వచ్చేది కాదు.

డైరెక్టరుగారి పేరు చెరిపించొద్దని మాత్రం చెప్పు. గది తాళం సంగతి ఎక్కడో ఒకచోట ఉండాలి.

నువ్వు ఒళ్లంతా తిట్టు, చెవులు మాత్రం వదిలెయ్, వాటితో ఇంకా పనుంది.

వస్తున్న
కరెంటు


మార్చి 29

కరెంటూ,

నువ్వు రైలెక్కి వెళ్లినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంది. స్టేజీ మీద నిన్ను మాట్లాడమంటే మైకు దగ్గరికి పోయి, "ఈ మైకు ఎడమవైపు గీరుతోంది, మార్చండి" అని వచ్చి కూర్చున్నావు చూడు, దానికి డీజే ఇప్పటికీ నవ్వుతున్నాడు. ఆ నూనె గోడౌనులో నీ కూత వేసి, కుర్రకారంతా నీ పేరు పెట్టి అరుస్తుంటే నువ్వు చెవులు మూసుకోకుండా, ఏ మూల నుంచి ఎంత మోగుతోందో వెతుక్కుంటూ తిరిగావు. నేను గెంతాను. మోకాలు నొప్పి ఇంకా తగ్గలేదు. నొప్పి ఉన్నా సరే.

రాయి సంగతి చెప్పాలి. ఇరవయ్యో తారీకున డైరెక్టరుగారి పేరొక్కటే ఉన్న పాతదే పెట్టి నీ పేరు నోటితో చెప్పారు కదా, మొన్న సరిచేశారు. రాయి చెక్కే మేస్త్రీ, కొత్త రాయి దొరకడం కష్టమని, దాన్నే తిరగేసి రెండో వైపు చెక్కాడు. నువ్వన్నట్టే డైరెక్టరుగారి పేరు చెరపలేదు. గోడవైపుంది. ఆయనకు అడిగే అలవాటు లేదన్నావు కాబట్టి, ఎటు తిరిగి ఉన్నారో కూడా అడగరు.

నిన్న పొద్దున కళ్లజోళ్లాయన్ని తీసుకెళ్లి చదివించాను. పైన కూత పేరు, దాని కింద నీ పేరు, పూర్తి పేరు, నాన్న పెట్టింది. దాని కింద చిన్నగా, గొంతు ఇచ్చిన అక్క అని ఉందట. ఇచ్చిన కాదు, దోచుకున్న అని రాయాలి, సరే పోనీ. ఆయన చదివాక నేను వేలితో తడిమి చూశాను. ఒక్కో అక్షరం గుండ్రంగా తిరిగి లోపలికి దిగింది. నీ పేరులో రెండో అక్షరం దగ్గర వేలు కాసేపు ఆగింది. బాగా లోతుగా చెక్కాడు. వానకు పోదు.

తడుముతుంటే ఆఫీసుకు పోతున్న పిల్ల ఒకత్తె ఆగి, "ఎవరండీ ఈవిడ?" అంది. చెప్పాను. ఇవాళ పొద్దున మళ్లీ వెళ్లాను, ఇద్దరు ఆగారు. మొదట్నుంచి చెప్పాను, చీపురుకర్ర దగ్గర్నుంచి. బస్సు వెళ్లిపోతోంది మామ్మా అన్నారు. ఇంకో బస్సు వస్తుంది, మా చెల్లెలి సంగతి మళ్లీ ఎవరు చెబుతారు అన్నాను. నిలబడి విన్నారు.

ఉత్తరం ఇక్కడితో ఆపమంటున్నాను. ఈ వేళకు గోడ దగ్గర ఎవరో ఒకరు ఆగి ఉంటారు, నేను వెళ్లాలి.

అక్క